ఎన్నికల వేళ విదేశీ గడ్డపై యుద్ధ స్మరణ: 2018 నాటి ఒక ఉదాహరణ

విద్యార్థులారా, ఈ పాఠ్యభాగాన్ని రెండు తేదీలతో మొదలుపెడదాం. 2018 నవంబరు 10న ఫ్రాన్స్ ఉత్తర భాగంలోని విలేర్ గిస్లాన్ అనే చిన్న ఊరిలో భారతదేశం నిర్మించిన యుద్ధ స్మారకాన్ని అప్పటి ఉప రాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు ఆవిష్కరించారు. మరునాడు, అంటే నవంబరు 11న, పారిస్ విజయ తోరణం వద్ద జరిగిన యుద్ధ విరమణ శతాబ్ది సభలో భారతదేశం తరఫున పాల్గొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సరిగ్గా నూరేళ్లు నిండిన రోజు అది.

అదే సమయంలో మన దేశంలో ఏం జరుగుతోంది? ఐదు రాష్ట్రాల శాసనసభ ఎన్నికల ప్రచారం ముమ్మరంగా సాగుతోంది. ఛత్తీస్‌గఢ్‌లో తొలి విడత పోలింగు నవంబరు 12న. తెలంగాణ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడింది కూడా అదే రోజు; అక్కడ పోలింగు డిసెంబరు 7న. మధ్యప్రదేశ్, రాజస్థాన్, మిజోరం కూడా వరుసలో ఉన్నాయి. పార్టీల అగ్రనాయకులు సభల నుంచి సభలకు పరుగులు తీస్తుంటే, ఒక జాతీయ నాయకుడు పరాయి దేశంలో మృతవీరులకు పుష్పగుచ్ఛం ఉంచుతున్నారు. అయినా ఆ పర్యటన ఎన్నికల వివాదంగా మారలేదు. ఎందుకు మారలేదన్నదే మన ప్రశ్న. ఇతర దేశాల్లో ఇలాంటి పర్యటనలు ఒక నాయకుడికి కీర్తిని, మరొకరికి అపకీర్తిని తెచ్చిన సంగతి ముందు ముందు చూస్తారు.

ఎవరి కోసం ఆ రాయి

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు. 74 వేలకు పైగా తిరిగి రాలేదు. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ వద్ద 1915 మార్చి 10 నుంచి 13 వరకు జరిగిన పోరాటంలో భారత దళాలు ముందు వరుసలో నిలిచాయి. అక్కడ 1927లో ఆవిష్కరించిన స్మారకంపై 4,700కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. వీరెవరికీ తెలిసిన సమాధి లేదు. అది బ్రిటిష్ పాలనలో కట్టినది. విలేర్ గిస్లాన్ స్మారకం స్వతంత్ర భారతదేశం కట్టినది. ఆ ఊరికి చరిత్రలో చోటు దక్కడానికి కారణం 1917 చివర జరిగిన కాంబ్రే పోరాటం. పదాతి దళాలను 1915 చివరకే ఫ్రాన్స్ నుంచి మెసొపొటేమియా వైపు తరలించినా, భారత అశ్విక దళాలు 1918 తొలి నెలల వరకు అక్కడే ఉన్నాయి. డిసెంబరు 1న జరిగిన దాడిలో, చుట్టుముట్టిన దళం నుంచి వార్తను చేరవేయడానికి గోవింద్ సింగ్ అనే రాజపుత్ర సైనికుడు మూడుసార్లు తుపాకి గుళ్ల మధ్య ప్రయాణించి విక్టోరియా క్రాస్ పొందాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ యుద్ధంలో దక్కన్ హార్స్ అనే రెజిమెంటు కూడా ఫ్రాన్స్‌లో పోరాడింది. దాని మూలాలు నిజాం రాజ్యంలోని హైదరాబాద్ కంటింజెంటులో ఉన్నాయి. పేరు చూసి అందులోని వారంతా దక్కన్ రైతుబిడ్డలని అనుకోకండి; ఉత్తర భారతం నుంచి చేరినవారు అందులో చాలామంది. పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ సైనికాధికారులు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతాన్ని నమ్మి, మద్రాసు సైన్యంలో దక్షిణాది వారిని, ముఖ్యంగా తెలుగు వారిని చేర్చుకోవడం బాగా తగ్గించారు. అనేక మద్రాసు పటాలాలను రద్దు చేశారు, లేదా పంజాబీలతో నింపారు. అంతకు నూరేళ్ల ముందు తమకు రాజ్యం సంపాదించి పెట్టిన సిపాయిల్లో తెలుగువారు ఎందరో ఉన్నారన్న సంగతి వారికి గుర్తు రాలేదు కాబోలు. యుద్ధం ముదిరి మనుషుల కొరత వచ్చాక మాత్రం ఆ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్స్ దళం మెసొపొటేమియాలో వంతెనలు, దారులు వేసింది.

అనంతపురం పీఠభూమిలో చదువుతున్న మీకు యుద్ధం అంత దూరపు సంగతి కాదని చెప్పే ఆనవాలు పక్కనే ఉంది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది బళ్లారి జిల్లా నుంచే. ఆ బళ్లారిలోనే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వారు తుర్కీ యుద్ధ ఖైదీల శిబిరం నడిపారు. ఎక్కడో టైగ్రిస్ నది ఒడ్డున పట్టుబడిన సైనికులు మన ఎర్రనేలల ఎండలో బందీలుగా గడిపారన్నమాట.

యుద్ధం ముగిసిన 1918 నవంబరు ఇక్కడి రైతు కుటుంబానికి ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. ఆ ఏడు ఋతుపవనాలు దేశవ్యాప్తంగా విఫలమయ్యాయి. యుద్ధం వల్ల ధాన్యం, బట్టల ధరలు మండిపోయాయి. అదే సమయంలో ఇన్‌ఫ్లుయెంజా లక్షల ప్రాణాలు తీస్తోంది. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేలలో, పారిస్‌లో మోగిన విజయ ఘంటల కంటే చావిడిలోని ధాన్యపు గాదె అడుగు కనిపించడమే పెద్ద వార్త. నూరేళ్ల తర్వాత, పారిస్‌లో శతాబ్ది సభ జరిగిన 2018లోనూ అనంతపురం మండలాలు కరువు జాబితాకెక్కాయి. స్మారక సభల్లో వినిపించే చరిత్ర, ఊళ్లో జ్ఞాపకం ఉన్న చరిత్ర ఒకటే కానక్కరలేదు.

ఓటు, స్మారకం ఒకేసారి వచ్చాయి

యుద్ధ స్మరణకు, ఎన్నికలకు ఉన్న సంబంధం ఈనాటిది కాదు. యుద్ధంలో భారతీయుల సహకారానికి ప్రతిఫలం అన్న వాతావరణంలోనే 1919 భారత ప్రభుత్వ చట్టం వచ్చింది. 1920లో మద్రాసు శాసన మండలికి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ ఆ ఎన్నికలను బహిష్కరించింది. ఓటు హక్కు దక్కింది జనాభాలో సుమారు 3 శాతానికే. గ్రామాల్లో సాలుకు 10 రూపాయల శిస్తు కట్టే రైతుకు ఓటు ఉండేది. మెట్టభూమికి శిస్తు రేటు తక్కువ. కాబట్టి కృష్ణా డెల్టాలో కొద్దిపాటి మాగాణి ఉన్నవాడు ఓటరైతే, మన వైపు అంతకు ఎన్నో రెట్లు చెలక ఉన్నా అర్హత దక్కని వారుండేవారు. సైన్యం నుంచి విరమించిన వారికి మాత్రం శిస్తుతో నిమిత్తం లేకుండా ఓటు ఇచ్చారు. అంటే యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన సిపాయికి ఓటు. తిరిగిరాని వాడికి రాతిపై పేరు.

1921 తొలి నెలల్లో బ్రిటిష్ రాజకుటుంబానికి చెందిన కన్నాట్ డ్యూక్ భారతదేశానికి వచ్చి కొత్త శాసన మండళ్లను ప్రారంభించాడు. ఢిల్లీలో ఫిబ్రవరి 9న కేంద్ర శాసనసభను, ఫిబ్రవరి 10న నేడు ఇండియా గేటుగా పిలిచే యుద్ధ స్మారకపు శంకుస్థాపనను నిర్వహించాడు. పక్కపక్క రోజుల్లో, ఒకే అతిథి చేతుల మీదుగా! సామ్రాజ్యం దృష్టిలో రెండూ ఒకే కార్యక్రమంలో భాగాలు. స్వతంత్ర భారతదేశం ఈ రెండింటి మధ్య ఒక గీత గీయవలసి వచ్చింది.

పదవి ఎవరిది

ఆ గీతను అర్థం చేసుకోవడానికి మన జిల్లా నాయకుడినే తీసుకుందాం. అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ మార్చి 17న స్పీకరుగా ఎన్నికైన వెంటనే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. సభ అందరిదీ అయినప్పుడు సభాపతి ఒక పార్టీ వాడిగా ఉండరాదన్నది ఆయన వాదన. చట్టం అలా చేయమని ఆయనను బలవంతపెట్టలేదు. తర్వాతి స్పీకర్లు అందరూ ఆ దారిలో నడవనూ లేదు. వెంకయ్యనాయుడు 2017 జూలైలో ఉప రాష్ట్రపతి అభ్యర్థి అయినప్పుడు కేంద్ర మంత్రి పదవిని, భారతీయ జనతా పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. కనుక 2018 నవంబరులో పారిస్‌లో నిలబడ్డ వ్యక్తికి ప్రచారం చేసుకోవలసిన అవసరం లేదు, ఓట్లు అడిగే వీలూ లేదు. పార్టీకి ఓట్లు అడగవలసిన ప్రధానమంత్రి ఆ రోజుల్లో దేశంలోనే, ఛత్తీస్‌గఢ్ ప్రచార సభల్లో ఉన్నారు.

దీన్ని బట్టి రాజ్యాంగ పదవి పూర్తిగా రాజకీయాలకు అతీతమని తేల్చేయడం తొందరపాటు. విదేశీ సభకు ఎవరిని పంపాలో నిర్ణయించేది ప్రభుత్వమే. స్మారకం కట్టిన కీర్తిలో కొంత ఆ ప్రభుత్వానికి చేరుతుంది. కాకపోతే శతాబ్ది తేదీని ఢిల్లీలో ఎవరూ ఎంచుకోలేదు; అది 1918లోనే నిర్ణయమైపోయింది. తేదీ మన చేతిలో లేనప్పుడు, వెళ్లే మనిషి ఎవరన్నదే అసలు ఎంపిక.

ఇతర దేశాల అనుభవం

ఓట్లు అడిగే నాయకుడే స్వయంగా వెళ్తే పరిస్థితి వేరు. 1984 జూన్ 6న అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ నార్మండీ తీరంలోని పాయింట్ దు హోక్ కొండచరియపై, నలభై ఏళ్ల క్రితం దాన్ని ఎక్కిన సైనికుల ముందు ప్రసంగించారు. అది ఎన్నికల సంవత్సరం. ఆ దృశ్యాలు ఆగస్టులో రిపబ్లికన్ పార్టీ మహాసభలో చూపిన చిత్రంలో చోటు చేసుకున్నాయి. నవంబరులో ఆయన 49 రాష్ట్రాల్లో గెలిచారు.

నలభై ఏళ్లకు అదే తీరంలో బ్రిటన్ ప్రధాని రిషి సునాక్‌కు ఎదురైంది దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం. 2024 జూలై 4న ఎన్నికలు. జూన్ 6న నార్మండీ 80వ వార్షికోత్సవం. సునాక్ ఉదయం బ్రిటిష్ కార్యక్రమంలో పాల్గొని, ఇతర దేశాధినేతలు హాజరైన మధ్యాహ్నపు అంతర్జాతీయ సభకు ముందే స్వదేశానికి బయలుదేరారు. విదేశాంగ మంత్రి డేవిడ్ కామెరాన్‌ను అక్కడ ఉంచారు. ప్రతిపక్ష నేత కీర్ స్టార్మర్ మాత్రం ఆ సభలో కనిపించారు. సునాక్ తిరిగివచ్చి ఒక టెలివిజన్ ఇంటర్వ్యూ ఇచ్చారని తెలిసి దుమారం రేగింది. బతికివున్న మాజీ సైనికులకు అది బహుశా చివరి పెద్ద వార్షికోత్సవం కావడంతో ఆగ్రహం మరింత పెరిగింది. మర్నాడే ఆయన క్షమాపణ చెప్పారు. ఎన్నికల్లో ఆయన పార్టీకి 121 స్థానాలే దక్కాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సభ మధ్యలో వెళ్లిపోయినందుకే ఆయన ఓడిపోయారని పరీక్షలో రాయకండి. పద్నాలుగేళ్ల పాలనపై విసుగు, ధరలు, వైద్యసేవల స్థితి వంటి కారణాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ఈ ఘటన చూపేది వేరే విషయం: ప్రచార సమయంలో స్మారక సభకు వెళ్లడమూ రాజకీయమే, వెళ్లకపోవడమూ రాజకీయమే. ఉన్నంతసేపు ఎంత గౌరవంగా ఉన్నా, ఎప్పుడు లేచి వెళ్లారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మన నియమాలు

భారతదేశంలో 1960 కేరళ ఎన్నికల సమయంలో రూపుదిద్దుకోవడం మొదలైన ఎన్నికల ప్రవర్తనా నియమావళి, మంత్రులు అధికారిక పర్యటనలను ఎన్నికల ప్రచారంతో కలపరాదని చెబుతుంది. విదేశీ యుద్ధ స్మారకాల గురించి అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. సైన్యాన్ని ఓట్లకు వాడుకోవడంపై ఎన్నికల సంఘం విడిగా మాట్లాడవలసి వచ్చింది. సైనికుల ఫోటోలను ప్రచారంలో వాడవద్దని 2013 డిసెంబరులో పార్టీలకు సూచించింది. పుల్వామా, బాలాకోట్ ఘటనల తర్వాత సైనికుల బొమ్మలు ప్రచార ఫ్లెక్సీలపైకి ఎక్కడంతో 2019 మార్చి 9న అదే సూచనను మళ్లీ గుర్తు చేసింది. మరునాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించింది. అనంతపురం, హిందూపురం ఓటర్లు ఏప్రిల్ 11న ఎండలో వరుసల్లో నిలబడ్డారు.