నాటకం ముగిశాక మిగిలిన సంగీతం: అబ్బే థియేటర్ నుంచి ప్రపంచ వేదికలకు

ఐరిష్ సంప్రదాయ సంగీతం అనగానే మనకు వినిపించే శబ్దం ఒకటుంది. ఒక వేణువు రాగాన్ని ఎత్తుకుంటుంది, ఫిడేలు అందుకుంటుంది, వెనక నుంచి మేకతోలు డప్పు లయ వేస్తుంది, చివరికి అందరూ కలుస్తారు. వందల ఏళ్ల నాటి పద్ధతి అనిపిస్తుంది. పాటలు పాతవే. కానీ వాటిని ఇలా బృందంగా పేర్చి వాయించే తీరు వయసు డెబ్బై ఏళ్లు కూడా లేదు. దాని పుట్టుకలో ఒక రంగస్థల నాటకానికి పెద్ద పాత్ర ఉంది. ఆ నాటకం పేరు ఇవాళ ఐర్లండ్‌లోనూ చాలామందికి గుర్తులేదు. దానికోసం తయారైన శబ్దం మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

విరామ సమయపు సంగీతం

డబ్లిన్‌లోని అబ్బే థియేటర్ 1904లో మొదలైంది. డబ్ల్యూ.బి. యేట్స్, లేడీ గ్రెగరీ, జె.ఎం. సింజ్ దాన్ని నడిపించినవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 'పోస్టాఫీసు' నాటకాన్ని 1913లో ఇంగ్లిష్‌లో ప్రదర్శించింది ఈ సంస్థే. తొలినాళ్ల నుంచీ అబ్బే బృందం బయటి ఊళ్లకు, దేశాలకు నాటకాలు తీసుకెళ్లేది. 1911-12లో అమెరికా యాత్రలో సింజ్ నాటకం 'ది ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్' మీద గొడవలు జరిగాయి. ఫిలడెల్ఫియాలో నటులను అరెస్టు కూడా చేశారు.

అప్పట్లో నాటకశాలలో సంగీతానికి ప్రత్యేకమైన చోటు ఉండేది, కానీ అది నాటకం లోపల కాదు. వేదిక ముందు కూర్చున్న చిన్న వాద్యబృందం అంకానికీ అంకానికీ మధ్య వాయించేది. 1908 నుంచి దాదాపు పాతికేళ్లకు పైగా అక్కడ సంగీత దర్శకుడిగా ఉన్న జాన్ లార్చెట్ ఐరిష్ జానపద బాణీలను ఆ చిన్న బృందానికి తగినట్టు అమర్చేవారు. ఆ విరామ సంగీతం కోసమే వచ్చేవాళ్లుండేవారని చెబుతారు. అయినా అది కథకు సంబంధించినది కాదు. తెర లేచేసరికి ఆగిపోవాలి.

1951లో అగ్నిప్రమాదంలో అబ్బే భవనం దెబ్బతింది. సంస్థ క్వీన్స్ థియేటర్‌కు మారి 1966 వరకూ అక్కడే ప్రదర్శనలిచ్చింది. ఆ అద్దె ఇంట్లోనే 1955లో కొత్త సంగీత దర్శకుడు చేరాడు. పేరు షాన్ ఓ రియాడా, వయసు ఇరవై నాలుగు.

రెండు సంగీతాల మధ్య

ఓ రియాడా 1931లో కార్క్‌లో పుట్టాడు. కార్క్ విశ్వవిద్యాలయ కళాశాలలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదివాడు. జాజ్ పియానో వాయించేవాడు. కొంతకాలం ఐరిష్ రేడియోలో పనిచేశాడు, పారిస్ వెళ్లివచ్చాడు. ఐరోపాలో నాటి ఆధునిక స్వరకర్తలు ఏం చేస్తున్నారో అతనికి తెలుసు. తానూ ఆ దారిలో ఆర్కెస్ట్రా రచనలు చేశాడు. అబ్బేలో అతని పని మాత్రం మామూలుది: విరామాలకు బాణీలు అమర్చడం, క్రిస్మస్‌కు వేసే ఐరిష్ భాషా వినోద ప్రదర్శనలకు పాటలు కట్టడం.

1959లో 'మిషె ఏరా' అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఐరిష్ స్వాతంత్ర్య పోరాటం మీద పాత న్యూస్‌రీళ్లతో జార్జ్ మోరిసన్ కూర్చిన చిత్రమది. దానికి ఓ రియాడా పాత ఐరిష్ పాటలను సింఫనీ ఆర్కెస్ట్రాకు ఎక్కించాడు. పల్లెల్లో గొంతెత్తి పాడే పాట ఫ్రెంచ్ హార్న్‌లో మోగేసరికి దేశం కదిలిపోయింది. ఒక్క చిత్రంతో అతను ఇంటింటికీ తెలిసిన పేరయ్యాడు.

విజయం పక్కనే ఒక ప్రశ్న కూడా ఉంది. ఐరిష్ సంగీతం గౌరవం పొందాలంటే ఆర్కెస్ట్రా దుస్తులు తొడగాల్సిందేనా? పల్లె వాద్యకారుడు తన వాద్యంతో, తన పద్ధతిలో పెద్ద వేదిక ఎక్కలేడా? జవాబు వెతికే అవకాశం మరుసటి ఏడాదే నాటకం రూపంలో వచ్చింది.

దాగలి పాట

1960లో అబ్బే సంస్థ 'ది సాంగ్ ఆఫ్ ది యాన్విల్' నాటకాన్ని ప్రదర్శించింది. కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దాగలి పాట అని ఆ పేరుకు అర్థం. రచయిత బ్రయన్ మాక్‌మహన్ కెర్రీ కౌంటీలోని లిస్టోవెల్‌లో బడిపంతులు. ఆయన రచనల్లో పల్లె జీవితం, జానపద కథనం నిండుగా ఉంటాయి. అలాంటి నాటకానికి విరామ బృందపు వయొలిన్లు, పియానో అతకవని ఓ రియాడా గ్రహించాడు. సంప్రదాయ వాద్యకారులనే పిలిపించాడు.

ఇది వినడానికి తేలికగా ఉన్నా, చేయడం తేలిక కాదు. ఐరిష్ సంప్రదాయ సంగీతం ప్రధానంగా ఒంటరి వాద్యకారుడి కళ. మన సంగీతంలాగే అందులో ఒకే రాగరేఖ ఉంటుంది. పాశ్చాత్య పద్ధతిలోలాగా కింద వేరే స్వరాలు పేర్చి నింపడం ఉండదు. అందమంతా గమకంలో, తిరిగి వాయించిన ప్రతిసారీ చేసే చిన్న మార్పుల్లో ఉంటుంది. పదిమంది కలిసి వాయిస్తే ఆ చిన్న మార్పులు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. నాటి నాట్య బృందాల్లో, అంటే కేలీ బ్యాండ్లలో జరిగింది అదే. పియానో, డ్రమ్స్ తోడుగా అందరూ మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి వాయించేవారు. నాట్యానికి అది చాలు. నిశ్శబ్దంగా కూర్చుని వినేవారికి చాలదు.

ఓ రియాడా కనుక్కున్న ఉపాయం రంగస్థలం మీద పనిచేసేవాడికి తట్టే ఉపాయమే. నాటకంలో పాత్రలన్నీ ఒకేసారి మాట్లాడవు. ఒకరు మాట్లాడాక ఇంకొకరు అందుకుంటారు, ఇద్దరు వాదించుకుంటారు, చివరికి అందరూ చేరతారు. వాద్యాలకూ అతను అలాగే ప్రవేశ నిష్క్రమణలు రాశాడు. ఒక బాణీని ముందు ఇలెన్ పైప్స్ వాయిస్తుంది. ఇది మోచేతి కింద తిత్తి పెట్టుకుని వాయించే ఐరిష్ వాద్యం. తర్వాత వేణువు, ఆ తర్వాత ఫిడేలు. ఎవరి వంతులో వారి గమకం స్పష్టంగా వినిపిస్తుంది. రాగం కింద వేరే స్వరాలు పేర్చకుండానే బృంద సంగీతానికి వైవిధ్యం వచ్చింది.

నాటకం ముగిసింది. మామూలుగా ఇక్కడితో సంగీతం కూడా ముగిసిపోవాలి. ఓ రియాడా ఆ వాద్యకారులను వదల్లేదు. డబ్లిన్ శివార్లలోని తన ఇంట్లో సాధన కొనసాగించాడు. ఆ ప్రాంతపు పాత పేరుతోనే బృందానికి 'క్యోల్తోరీ హూలన్' అని పేరు పెట్టాడు. హూలన్ వాద్యకారులు అని అర్థం. అబ్బే విరామ బృందంలో వయొలిన్ వాయించిన మార్టిన్ ఫే ఇందులో ఫిడేలు వాయించాడు. ఇలెన్ పైప్స్ ప్యాడీ మొలోనీది. పల్లెల్లో డిసెంబరు 26 నాటి వేడుకలో ఊరేగింపుగా వాయించే బౌరాన్ డప్పుకు ఓ రియాడా ఈ బృందంలో కచేరీ స్థాయి ఇచ్చాడు. పాత ఐరిష్ లోహతంత్రుల హార్ప్ శబ్దానికి దగ్గరగా ఉంటుందని తాను హార్ప్సికార్డ్ వాయించేవాడు.

1962లో రేడియోలో చేసిన ప్రసంగ పరంపరలో అతను ఇంకో అడుగు ముందుకేశాడు. ఐరిష్ సంగీతం ఐరోపా సంగీతానికి దూరమైనదనీ, కొన్ని ప్రాచ్య సంగీత రీతులకే దగ్గరనీ వాదించాడు. చరిత్రగా దీన్ని నిరూపించడం కష్టం. కానీ వినే పద్ధతిగా చూస్తే ఆ మాటలో పస ఉంది. ఐరిష్ భాషలో తోడు వాద్యం లేకుండా పాడే 'షాన్ నోస్' గానాన్ని, రాగాలాపనకు అలవాటుపడిన భారతీయ శ్రోత తేలికగానే అందుకోగలడు.

బృందం నుంచి బృందం

ఓ రియాడా 1962లో అబ్బే ఉద్యోగం వదిలేశాడు. కార్క్‌లో అధ్యాపకుడిగా చేరి, ఐరిష్ మాట్లాడే కూల్ ఈ గ్రామంలో స్థిరపడ్డాడు. అదే ఏడాది ప్యాడీ మొలోనీ కొందరు సహవాద్యకారులతో 'ద చీఫ్‌టెన్స్' బృందాన్ని మొదలుపెట్టాడు. వాద్యాలకు వంతులు పంచే అదే పద్ధతితో వాళ్లు దశాబ్దాలపాటు దేశాలు తిరిగారు. 1983లో చైనాలో కచేరీలు చేశారు. ఓ రియాడా బాణీ కట్టిన 'మ్నా నా హేరన్' పాటను స్టాన్లీ కుబ్రిక్ 1975 నాటి 'బ్యారీ లిండన్' సినిమాలో చీఫ్‌టెన్స్ వాయిద్యంతోనే వాడుకున్నాడు.

అది చూడటానికి ఓ రియాడా లేడు. 1970లో తన బృందాన్ని రద్దు చేశాడు. 1971 అక్టోబరులో లండన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు నలభై. ఐరోపా స్థాయి స్వరకర్త కావలసినవాడు జానపదంలో చిక్కుకుపోయాడని కొందరు విమర్శకుల బాధ. అతను ఆ దారిన పోకపోతే ఈ సంగీతానికి ప్రపంచ వేదిక దొరికేది కాదని మరికొందరి నమ్మకం. ఈ తగవు ఇంకా తేలలేదు.

రెండో తరం, సంచార నాటకం

క్యోల్తోరీ హూలన్‌లో బౌరాన్ వాయించినవారిలో పీడర్ మెర్సియర్ ఒకడు. 1966 నుంచి పదేళ్లు చీఫ్‌టెన్స్‌లోనూ ఉన్నాడు. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ జేమ్స్ జాయిస్ నవల ఆధారంగా 'రోరటోరియో' చేసినప్పుడు ఐరిష్ వాద్యకారులను పిలిచాడు. వారిలో పీడర్‌తోపాటు అతని కొడుకు మెల్ కూడా ఉన్నాడు. తండ్రి దగ్గర డప్పు నేర్చుకున్న కుర్రవాడికి, తలుపు చప్పుడు కూడా సంగీతమేనని నమ్మే కేజ్‌తో పనిచేసే అవకాశం అలా దొరికింది.

మెల్ మెర్సియర్ తర్వాత నాటక సంగీతానికి మళ్లాడు. 2000లో అబ్బే థియేటర్ యూరిపిడీస్ గ్రీకు విషాద నాటకం 'మెడియా'ను ఫియోనా షా ప్రధాన పాత్రలో, డెబొరా వార్నర్ దర్శకత్వంలో ప్రదర్శించింది. అది 2001లో లండన్ చేరింది. 2002లో అమెరికాలో తిరిగి, ఆ ఏడాది చివర బ్రాడ్‌వేకు వెళ్లింది. దాని శబ్దరచన మెల్ మెర్సియర్‌ది. కోల్మ్ టోబీన్ రాసిన 'ద టెస్టమెంట్ ఆఫ్ మేరీ' 2013లో బ్రాడ్‌వేకు వచ్చినప్పుడు అతని శబ్ద రూపకల్పన టోనీ అవార్డుకు నామినేట్ అయింది.

ఇన్నేళ్లలో పని ఎంత మారిందో ఇక్కడ చూడొచ్చు. లార్చెట్ సంగీతం తెర పడ్డాక మొదలయ్యేది. ఓ రియాడా సంగీతం కథ జరిగే ఊరి శబ్దాన్ని వేదిక మీదికి తెచ్చింది. ఇప్పుడు ఏది సంగీతం, ఏది గాలి, ఏది అడుగుల చప్పుడు అన్న హద్దే చెరిగిపోయింది.

ఊరూరా తిరిగే శబ్దం

సంచార నాటకానికి సంగీతం చేయడంలో కొన్ని చిక్కులు ఎప్పుడూ ఉంటాయి. మొదటిది ఖర్చు. వాద్యకారులను వెంట తీసుకెళ్లాలంటే ప్రయాణం, బస, వీసా, దినభత్యం చూసుకోవాలి. అందుకే చాలా బృందాలు రికార్డు చేసిన సంగీతంతో వెళతాయి. అప్పుడు రెండో చిక్కు వస్తుంది. రికార్డు ప్రతి రాత్రీ ఒకే వేగంతో నడుస్తుంది, నటి నడవదు. ఒక రాత్రి ఆమె ఒక మాట తర్వాత మూడు క్షణాలు ఎక్కువ ఆగితే, వాద్యకారుడు ఆమెతోపాటు ఆగుతాడు. రికార్డు ఆగదు. కాబట్టి సంగీతాన్ని చిన్న ముక్కలుగా చేసి, వేదిక పక్కన ఉన్న మనిషి సైగ చూసి ఒక్కొక్కటీ వదిలేలా తయారు చేస్తారు.

మూడోది హాలు. మూడువందల మంది పట్టే హాల్లో గుసగుసలా వినిపించిన శబ్దం వెయ్యిమంది హాల్లో మాయమవుతుంది. రాతి గోడల మధ్య ప్రతిధ్వనించి మాటను మింగేస్తుంది. కొత్త ఊరికి చేరిన ప్రతిసారీ ప్రదర్శనకు ముందు శబ్దాన్ని మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

నటులే వాద్యకారులైతే ఈ చిక్కుల్లో కొన్ని తీరతాయి. డబ్లిన్ నేపథ్యంతో ఎండా వాల్ష్ రచన చేసిన 'వన్స్' సంగీత నాటకం అదే చేసింది. వేరే వాద్యబృందం లేకుండా నటులే వేదిక మీద వాయిస్తారు. అది 2012లో ఎనిమిది టోనీలు గెలిచింది.

ఎవరి పేరు మిగులుతుంది

నాటక సంగీతానికి పేరు రావడం కష్టం. బాగా కుదిరితే ప్రేక్షకుడు దాన్ని విడిగా గమనించడు, నటన బాగుందనుకుంటాడు. కుదరకపోతేనే చెవికి తగులుతుంది. నాటక సమీక్షల్లో సంగీతానికి ఒక వాక్యం దక్కితే గొప్ప. నాటకం అచ్చులో మిగులుతుంది, సంగీతం చాలాసార్లు ఎక్కడా మిగలదు. నిర్మాణ ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందుగా కత్తిరించేదీ దాన్నే.

'సాంగ్ ఆఫ్ ది యాన్విల్' ఉదాహరణ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. అక్కడ నాటకం మరుగున పడింది, దానికోసం పిలిచిన వాద్యకారులు ఒక దేశం తన సంగీతాన్ని వినే తీరునే మార్చేశారు. అయితే అది దానంతటదే జరగలేదు. జీతమిచ్చి సంగీత దర్శకుణ్ని పోషించే నాటకశాల ఒకటి ఉంది. అరకొర భవనంలోనైనా కొత్త నాటకానికి కొత్త శబ్దం వెతకనిచ్చింది. నాటకం దిగిపోయాక కూడా తన ఇంటి తలుపు తెరిచి ఉంచిన మనిషి ఉన్నాడు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ శబ్దం క్వీన్స్ థియేటర్‌లోనే ఆగిపోయేది.