పాత ఇంటి బేరం

ఉస్మాన్‌గంజ్ సందులో ఓ పాత ఇల్లు చవగ్గా వస్తోందంటే చాలు, మనసు అటే లాగుతుంది. ఎత్తయిన కప్పు, మూరెడు మందం గోడలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, వడియాలు పెట్టుకోవడానికి మిద్దె! ఇన్ని ఉండీ ధర ఎందుకు తగ్గుతుందంటారా? బేరానికి వచ్చేవాళ్ళు లెక్కకట్టేది నేలను, ఇంటిని కాదు. వాళ్ళ దృష్టిలో ఇల్లంటే కూలగొట్టే ఖర్చు.

జపానులోనూ ఇదే తంతు. అక్కడ కొయ్య ఇంటికి పన్నుల లెక్కలో 22 ఏళ్ళే ఆయుష్షు. తర్వాత విలువంతా నేలదే. అందుకే శివార్లలో పాత ఇళ్ళు చవగ్గా దొరుకుతాయి. కానీ కొనేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 1981కి ముందు కట్టిందా, తర్వాతా? భూకంపాలకు తట్టుకునేలా కట్టాలన్న కొత్త నిబంధనలు ఆ ఏడాది జూన్‌లో వచ్చాయి మరి.

మన ఊరికి అలాంటి గీత 1908. సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ దవాఖానా తోటలో చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. మట్టి గోడలు నాని కూలాయి. ఆ దెబ్బతోనే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, నాంపల్లి, మల్లేపల్లి వైపు గాలీ వెలుతురూ ఉండే ఇళ్ళు కట్టించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయి, వరదకు అడ్డుకట్టా, నల్లాలకు నీళ్ళూ అయ్యాయి.

అయితే 1908 తర్వాతి ఇల్లన్నంత మాత్రాన భరోసా లేదు. మీరే చూసుకోవాలి. గోడ మట్టిదా, డంగు సున్నానిదా అడగండి. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్ళీ ఆరబెట్టుకుంటుంది; దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి గోడ పొడిపొడిగా రాలుతుంది. కొత్త రంగు చూసి మురిసిపోకండి. గోడ అడుగుభాగం చేత్తో తడిమి చూడండి. దూలాల చివర్లు తట్టి చెదలు వెతకండి. మోరీ ఎటు పోతోందో, మిద్దెమీది నీళ్ళు ఎటు దిగుతున్నాయో కనుక్కోండి. వాన పడిన మర్నాడు మరోసారి వెళ్ళండి. వారసులెంతమందో, అందరూ సంతకం పెడతారో లేదో తేల్చుకోండి.

ఇవన్నీ సరిపోతే, ఇతరులు సున్నా కట్టిన ఆ గోడలే మీకు ఎండాకాలం చల్లదనం, పిల్లలకు ఆడుకునే వాకిలి ఇస్తాయి. సరిపోకపోతే మాత్రం చవకని ఆశపడకండి. మిగిలిన డబ్బంతా మేస్త్రీకే పోతుంది.