గోకుడుకో చరిత్ర

మా టైగరు గోక్కోవడం మొదలుపెట్టింది వానాకాలం చివర్లో. పేరుకి టైగరే గానీ బల్లిని చూసినా మంచం కిందికి దూరే రకం. మొదట ఎవరం పట్టించుకోలేదు. కుక్కన్నాక గోక్కోదా? తర్వాత్తర్వాత రాత్రిళ్ళు అది చప్‌చప్‌మని పాదాలు నాక్కునే చప్పుడికి మాకు నిద్ర వుండేది కాదు. తెల్లటి పాదాలు కాస్తా తుప్పు రంగుకి తిరిగాయి. చంకల్లో, పొట్ట కింద ఎర్రగా కందింది.

"గజ్జి! పిల్లలకి అంటుకుంటుంది" అన్నారు మా అత్తయ్యగారు. నేనూ ముందూ వెనకా చూడకుండా దాన్ని పెరట్లో జామచెట్టుకి కట్టేశాను. అంతటితో ఊరుకున్నానా? పక్కింటావిడ చెప్పిందని, మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజనాయిలు తెప్పించి వొళ్ళంతా పట్టించాను. ఆ రాత్రి అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో వుంది.

మర్నాడు పశువుల డాక్టరుగారు ముందు నన్ను చివాట్లు పెట్టారు. ఆ నూనె కుక్క నాకితే లోపలికి పోయి విషమేనట. తర్వాత దాని చర్మాన్ని బ్లేడుతో కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూశారు.

"గజ్జి పురుగులు కనబళ్ళేదమ్మా. ఇది ఎలర్జీలా వుంది. ఎవరికీ అంటుకోదు."

"కుక్కకి ఎలర్జీ ఏమిటండీ!" అన్నాను.

"అసలు ఆ పాఠం మనం నేర్చుకున్నదే కుక్క దగ్గర" అన్నారాయన. ఆ మాట పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే తేలిన కథ ఇదీ.

1901 వేసవిలో మొనాకో రాజు ఆల్బర్టు ఓడ మీద షార్ల్ రిషే, పోల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సముద్ర జీవుల విషాల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. విషాన్ని తక్కువ మోతాదులో ఇస్తే శరీరం దానికి అలవాటు పడుతుందని వాళ్ళ ఆశ. 1902లో నెప్ట్యూన్ అనే కుక్కకి కొంచెం ఎక్కించారు. ఏమీ కాలేదు. మూడు వారాలు దాటాక మళ్ళీ అంతే ఇచ్చారు. అరగంట తిరక్కుండా ప్రాణం పోయింది! కాపాడవలసిన శరీరమే ఎదురు తిరిగిందన్న మాట. దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకి నోబెల్ బహుమతి వచ్చింది. నెప్ట్యూన్‌కి ఏమొచ్చిందో వేరే చెప్పాలా?

1906లో వియన్నాలో ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు 'ఎలర్జీ' అన్న మాట పుట్టించాడు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి పడని మనుషులకి ఆ పుప్పొడి రసాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్లిచ్చి చూశాడు. అంతా మన గొడవే. కుక్క వంతు రావడానికి 1941 దాకా ఆగాల్సొచ్చింది. ఆ యేడు అమెరికాలో విట్టిక్ అనే డాక్టరు, రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడక అవస్థపడే కుక్క గురించి రాశాడు. అతను దానికీ ఆ ఇంజెక్షన్లే ఇచ్చాడు. అన్నట్టు, ఆ రాగ్‌వీడ్ మన వయ్యారిభామకి దగ్గర చుట్టం. మా వీధి చివర ఖాళీ స్థలం నిండా వయ్యారిభామే. టైగరు రోజూ పొర్లేదీ అక్కడే! అదే కారణమని డాక్టరుగారు తేల్చి చెప్పలేదు గానీ, అటు పోనివ్వడం మానేశాం.

ముందు అనుమానించాల్సింది పుప్పొడిని కాదు, బొచ్చులో గెంతే సన్నటి పురుగుల్నట. పిడుదుల్లా అతుక్కుని కూర్చోవు కాబట్టి కంటికి దొరకవు. వాటి ఉమ్మి పడని కుక్కకి నాలుగు కాట్లు చాలు, నడుం చివరా తోక మొదలూ పుండయ్యేదాకా కొరుక్కుంటుంది. పాదాలూ, చెవులూ, మొహం, చంకలూ అయితే పుప్పొడో, ఇంట్లో దుమ్మో, తిండో కావచ్చు. తిండి సంగతి తేలాలంటే అదివరకు ఎరగని ఆహారం ఒక్కటే కనీసం ఎనిమిది వారాలు పెట్టి చూడాలి. మధ్యలో బిస్కట్టు ముక్క పెట్టినా మళ్ళీ మొదటికే. మా ఇంట్లో ఆ ఎనిమిది వారాలూ కాపలా కాయాల్సింది కుక్కని కాదు, అత్తయ్యగారిని!

దురద తగ్గించడానికి ఒకప్పుడు స్టిరాయిడ్లే దిక్కు. చప్పున తగ్గిస్తాయి గానీ, ఆకలీ దాహం విపరీతమవుతాయి, ఎక్కువకాలం వాడితే వేరే చిక్కులు. 2013లో అమెరికాలో ఓక్లాసిటినిబ్ అనే బిళ్ళకి అనుమతి వచ్చింది. మా టైగరుకి రాసిచ్చింది అదే. పిల్లిని పెంచుకునేవాళ్ళకి ఒక్క మాట: కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూశారో, దాని ప్రాణం మీదికొస్తుంది.

పూర్తిగా నయమైందా అంటే, లేదు. వానాకాలం వెళుతుంటే మళ్ళీ పాదాలు నాక్కోవడం మొదలవుతుంది. చల్లటి నీళ్ళతో పాదాలు కడిగి తుడుస్తాను. ఇప్పుడది పడుకునేది మా మంచం పక్కనే. కానీ మావారు స్కూటరు దగ్గర ఆయిలు డబ్బా మూత తీస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది. నేనెళ్ళి పిలిస్తే ఇంకాస్త లోపలికి జరుగుతుంది.