పరీక్షా విద్య, స్వార్జిత నైపుణ్యం: గిడుగు రామమూర్తి ఉద్యోగ జీవితం – ఒక పరిశీలన

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో తెలుగునాట చదువుకూ జీతానికీ ఉన్న సంబంధం కొత్త రూపు దాల్చింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించిన తీర్మానం ప్రభుత్వోద్యోగాలలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యం కల్పించింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ఉద్యోగ సోపానాలయ్యాయి. ఈ వ్యవస్థ గుర్తించిన విద్యకూ, గుర్తించని నైపుణ్యానికీ ఒకే వ్యక్తి జీవితంలో దక్కిన ఫలితాలను పోల్చి చూడడానికి గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) జీవితం అనువైన ఆధారం.

పరీక్షలు – కొలువు

గిడుగు తండ్రి రెవెన్యూ శాఖ ఉద్యోగి. 1875లో ఆయన మరణించడంతో బాలుని చదువు బంధువుల ఆదరణపై ఆధారపడింది. విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివి గిడుగు 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరారు. విజయనగరంలో ఆయన సహాధ్యాయి అయిన గురజాడ అప్పారావు 1886 నాటికి బి.ఏ. పూర్తిచేశారు. గిడుగు ఆ ఏడాదికి, ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా చదివి, ఎఫ్.ఏ. మాత్రమే ముగించగలిగారు. బి.ఏ. పరీక్షకు మరి కొన్నేళ్లు పట్టింది. రాజావారి పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు పై తరగతులకు బోధించే అవకాశం ఆయనకు లభించింది. 1911లో పదవీ విరమణ చేసేవరకు ఆ సంస్థనే ఆశ్రయించుకొని ఉన్నారు. తండ్రి లేని ఇంటి బాధ్యత ఆయన పట్టాను వెనక్కు నెట్టిందనడానికి ఈ కాలక్రమమే సాక్ష్యం.

జీతం లేని చదువు

ఇదే కాలంలో గిడుగు మరో రెండు విద్యలు స్వయంగా అభ్యసించారు. మొదటిది శాసన పఠనం. ముఖలింగ క్షేత్రంలోని శాసనాలను చదివి, గాంగుల రాజధాని కళింగనగరం అదేనని ఆయన ప్రతిపాదించారు. రెండోది సవర భాష. తెలుగు తెలిసిన సవర వ్యక్తి సహాయంతో, లిపి లేని ఆ భాషను ఏళ్ల తరబడి నేర్చుకొని, వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను ప్రచురించి పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్మును సవరల బడికే వినియోగించాలని కోరారు. ఈ విద్యకు ఆయన చెల్లించిన మూల్యం ధనం ఒక్కటే కాదు. మన్యంలో సోకిన మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. భాషాధ్వనులను పట్టుకోవడమే పనిగా పెట్టుకొన్న పండితునికి ఇది చిన్న నష్టం కాదు.

విరమణానంతర ఫలం

1911 నాటి లెక్క ప్రకారం సవర భాషాధ్యయనం కేవలం వ్యయం. 1913లో రావు సాహెబ్ బిరుదు, 1931లో సవర వ్యాకరణం, 1934లో కైజర్-ఎ-హింద్ పతకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చేసరికి ఆ లెక్క మారింది. వ్రాతలో లేని భాషకూ నియతమైన వ్యాకరణం ఉంటుందని సవర చూపింది. వ్యవహారంలోని తెలుగుకూ నియమాలున్నాయని వాదించడానికి ఆ అనుభవం బలమిచ్చి ఉంటుంది. 1919లో ఆయన వెలువరించిన ‘తెలుగు’ పత్రిక ఆ వాదానికి వేదిక. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, వృద్ధాప్యంలో నివాసాన్ని రాజమహేంద్రవరానికి మార్చుకోవలసి వచ్చినా ఆయన కృషి ఆగలేదు.

ముగింపు

ఈ రెండు విద్యలూ పరస్పర విరుద్ధాలని భావించడం పొరపాటు. పరీక్ష సంపాదించి పెట్టిన నెలసరి జీతమే సవర బడి ఖర్చును భరించింది. పరీక్షకు అందని నైపుణ్యం పదవీ విరమణ తరువాత దాదాపు మూడు దశాబ్దాల కార్యరంగాన్ని ఇచ్చింది. అయితే ఆ ఫలం గౌరవంగా అందింది కాని ఆదాయంగా కాదు. పోయిన వినికిడికి ఏ బిరుదూ పరిహారం కాలేదు. నాటి పండితుల జీవితాలను జీతాల పట్టికతోనో, బిరుదుల జాబితాతోనో కొలిచినప్పుడు ఈ వ్యయం చరిత్రకు కనిపించదు.