మబ్బుల పైన అలలు.. శాటిలైట్ ఎలా పసిగడుతుంది?

జిన్నారం మీద ఉరుముల మబ్బు కమ్మిందనుకోండి. అది పైకి తోసిన గాలి చల్లబడి, బరువెక్కి మళ్లీ దిగుతుంది. చెరువులో రాయి పడ్డట్టు అలలు పుట్టి పైపైకి పాకుతాయి. ఇవే వాతావరణ గురుత్వ తరంగాలు.

ఎలా కనిపెడతారు?
లేచిన గాలి చల్లబడుతుంది, దిగిన గాలి వేడెక్కుతుంది. 2001లో నాసా పంపిన టైమ్డ్ ఉపగ్రహంలోని సేబర్ పరికరం సుమారు 20 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రతలు కొలుస్తూ వచ్చింది. అందులోంచి సగటు తీసేస్తే మిగిలే హెచ్చుతగ్గులే అలల ఆనవాళ్లు. తిరుపతి దగ్గరి గాదంకి ప్రయోగశాల నేల మీది నుంచే లైడార్‌తో వీటిని గమనిస్తుంది.

మనకేం ఉపయోగం?
ఈ అలలు పై గాలుల వేగాన్ని మారుస్తాయి. చిన్న అలలు కంప్యూటర్ మోడళ్లకు చిక్కవు కాబట్టి ఉజ్జాయింపుగా లెక్కిస్తారు. ఆ లెక్క తప్పితే దీర్ఘకాల వాతావరణ అంచనాలూ గురి తప్పొచ్చు. అందుకే శాటిలైట్ కొలతలతో సరిచూస్తారు. ఈరోజు పిడుగు హెచ్చరిక కావాలంటే మాత్రం మీరు దామిని యాప్ చూసుకోవాలి.