మహర్ సంగతి ముందే తేలల్ల

అమ్మీ, ఆ కందికట్టెలు రెండు మంటలోకి తోసి ఇట్ల దగ్గరికి జరుగు. రేపు ఆ కువైట్ పిల్లోని వాళ్లు నిన్ను చూడను వస్తాండారు గదా. వాళ్లు రాకముందే నీకు కొన్ని సంగతులు చెప్పల్ల.

మా కాలంలో మన నూర్‌బాషా ఇండ్లల్లో సంబంధమంటే రాయచోటి చుట్టుపక్కలే. మీ తాత ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మిషన్లు వచ్చి ఆ పని పాయె. వానల్లేక చెనక్కాయ చేన్లూ ఎండిపాయె. అప్పుడు కువైట్ ఏజెంట్లు ఊర్లల్లో దిగినారు. మొగోళ్లకు 18వ నంబరు వీసా, కంపెనీ పని. దానికి దుడ్లు శానా గావల్ల. ఆడోళ్లకు 20వ నంబరు, ఇంటిపని. అది తక్కువలో అయిపోతాది. అందుకే మొగుడు ఊర్లో ఉంటే పెండ్లాం ఇమానం ఎక్కింది. 30 ఏండ్లు నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపగూడదని మన సర్కారు రూలు పెడితే, పాస్‌పోర్టులో వయసు పెంచుకోని పోయినోళ్లూ ఉండారు, చంటిబిడ్డల్ని అవ్వల కాడ ఇడిసిపెట్టి.

నేనూ అట్లనే పోయినా. కువైట్‌లో సేటును బాబా అని, సేటమ్మను మామా అని పిలుస్తాం. మొగుడూ పెండ్లాం ఇద్దరూ కువైట్‌లోనే ఉన్నా ఒక చూరు కింద ఉండేది ల్యా. ఆమె పనికి పెట్టుకున్న కఫీల్ ఇంట్లో, ఆయప్ప కంపెనీ రూములో. శుక్రవారం సెలవిచ్చే ఇల్లయితే మాలియాలో కలుసుకొని, కాసేపు కూసోని, పొద్దుగూకేటప్పటికి ఎవరి తావుకు వాళ్లు. వారానికి ఒకరోజు సెలవియ్యల్లని, పాస్‌పోర్టు గుంజి పెట్టుకోగూడదని ఆ దేశం చట్టం చేసింది 2015లో. మేము పోయినప్పుడు అవేవీ ల్యావు.

నాకు రాయనూ రాదు, చదవనూ రాదు. క్యాసెట్టు నిండా మాట్లాడి ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చేదాన్ని. మీ తాత అది పెట్టుకుంటే చుట్టూ పదిమంది కూసునేవాళ్లు. మొగునితో చెప్పుకునే మాట అందరూ వింటాంటే ఎట్ల చెప్తాది ఆడది? పిల్లలు బాగుండారా, వాన పడిందా, అంతే. మీ తాత మాత్రం సంగటి కెలికి, మీ అమ్మకు జడేసి బడికి పంపినాడు. వీధిలో నవ్వినా లెక్కజేయలే. అట్లాంటి మొగోళ్లు తక్కువ అమ్మీ.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చె. దాచుకున్న దినార్లు చిత్తుకాయితాలైపాయె. జోర్డాన్ దాకా బస్సుల్లో పోయి, అమ్మాన్‌లో ఇమానమెక్కి బొంబాయిలో దిగితిమి. లక్షా డెబ్బై వేల మందికి పైగా మనదేశమోళ్లను అట్ల తెచ్చినారు. వట్టి చేతుల్తో వచ్చినామెకు కొన్ని ఇండ్లల్లో నీళ్లిచ్చే దిక్కు ల్యా.

దూరం వల్ల చెడిన కాపురాల కన్నా దుడ్డు వల్ల చెడినవే నేను ఎక్కువ చూసినా. డ్రాఫ్టు మొగుని పేరున, కొన్న చేను మొగుని పేరున. మన వీధిలో ఒకామె అట్లనే పంపి పంపి మిద్దె కట్టించె. తిరిగొచ్చి చూస్తే ఆ మిద్దెలో ఇంకో పెండ్లాం ఉంది. నాలుగు నిఖాలు చెల్లుతాయని చెప్పను పెద్దమనుషులు వచ్చినారు. పెండ్లాం సంపాదన పెండ్లాందే, ఇల్లు గడిపే భారం మొగునిదే అని అదే షరియత్ చెప్తాది గదా! ఆ మాట ఒక్కరన్నా చెప్పలే ఆ తల్లికి.

కువైట్‌లో మా సేటమ్మ కూతురి పెండ్లికి మహర్, అంటే పెండ్లికూతురికి ఇయ్యాల్సిన సొమ్ము, పిల్లోడే తెచ్చి ఇచ్చినాడు. నేను వంటింట్లో నిలబడి చూసినా. మన దాంట్లో మహర్ ఉధార్, తర్వాత ఇస్తాం అని రాసి, కట్నం మాత్రం రొక్కం అడుగుతారు. మళ్లా పోయి నేను తెచ్చిన కువైట్ సొమ్మంతా మీ అమ్మ కట్నానికే పాయె.

సెల్లులొచ్చినాక ఫోన్లోనే నిఖా, ఫోన్లోనే తలాక్. మూడు మాట్లు ఒకేసారి అంటే చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పె. 2019లో చట్టం చేసి మూడేండ్ల దాకా జైలు పెట్టినారు. మంచిదే. తలాక్ ఇయ్యక, తీసకపోక, ఫోనెత్తక ఉండేవాణ్ణి ఏం జేస్తారు? ఈడ పిల్ల అటు కాపురం ల్యాక, ఇటు ఇడుపూ ల్యాక ఏండ్లకేండ్లు ఎదురుజూస్తాది. ఆడదానికి ఖులా, అంటే తనే ఇడుపు అడిగే హక్కుందని ఎంతమందికి తెలుసు?

అందుకే రేపు నేనే అడుగుతా. నీది ఏ నంబరు వీసా నాయనా? పెండ్లాన్ని పిలిపించుకోవల్లంటే ఆడ జీతం ఇంత ఉండల్లని రూలుంది, నీకు అంత వస్తాదా? రాకుంటే ఎన్నేండ్లకొకసారి ఊరికొస్తావు? మహర్ నిఖా నాడే పిల్ల చేతికి ఇస్తావా? వాళ్లకు కోపమొచ్చి లేచిపోతే పోనీ. నీ పేరుమీద బ్యాంకు పుస్తకం ఉంది గదా, అది యాడుందో ఎతికి పెట్టు. నువ్వు పంపినా, ఆ పిల్లోడు పంపినా నీ దుడ్డు దాంట్లోనే పడల్ల.