బీరువా వెనుక మంచు



ఇంగ్లండులో కొత్తగా కాపురం పెట్టిన మన ఆడపిల్లలకు మొదటి చలికాలంలోనే ఒక వింత ఎదురవుతూ ఉంటుంది. బయటి గోడకు ఆనించిన బీరువా తెరిస్తే గుప్పున ముక్కిన వాసన. పట్టుచీర మడతల్లో బూజు. బీరువా ఇవతలికి జరిపితే గోడ నిండా నల్లటి మచ్చలు. వాననీరు గోడలోంచి దిగిందనుకుంటారు. ఒక్కోసారి అదీ నిజమే. కానీ చాలాసార్లు ఆ తడి బయటినుంచి వచ్చింది కాదు, మన ఇంట్లోదే! ఈ సంగతి తెలియడానికి మనుషులకు చాలా కాలం పట్టింది.

మంచు ఆకాశంనుంచి కురుస్తుందని కొందరు, నేలలోంచి పైకి లేస్తుందని కొందరు వాదించుకునే రోజుల్లో విలియం చార్లెస్ వెల్స్ అనే లండను వైద్యుడు ఒక పని చేశాడు. ఉన్నిని తూచి, రాత్రిపూట ఆరుబయట పెట్టి, ఎంత తడి పట్టిందో మళ్ళీ తూచి చూసేవాడు. 1814లో ఆ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. ఆయన తేల్చింది ఇది: ముందు వస్తువు చల్లబడుతుంది, ఆ తర్వాత గాలిలోని ఆవిరి దానిమీద నీరై నిలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టడం మనం రోజూ చూసేదే గదా!

బీరువా వెనుక జరిగేదీ అదే. బయటి గోడ చలికి చల్లబడుతుంది. గదిలోని వెచ్చదనం దానికి తగలకుండా బీరువా అడ్డం నిలుస్తుంది. గాలి ఆడదు. అన్నం ఉడికిన ఆవిరి, స్నానాల ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి, ఆఖరికి మన ఊపిరి కూడా ఆ సందులో చేరి నీరవుతుంది.

మరి పూర్వం ఆ దేశంలో చెమ్మ లేదా అంటే, ఉంది. నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాదిపైన నీరు పీల్చని పొర వేయాలని 1875 ప్రజారోగ్య చట్టం తర్వాత నిబంధనలు వచ్చాయి. వాన దిగకుండా నడుమ ఖాళీ వదిలి రెండు వరసల గోడ కట్టడం 1920ల తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. పాత ఇళ్ళలో గదుల్లో బొగ్గు పొయ్యిలుండేవి. వాటి గొట్టాలు పొగతోపాటు గదిలోని ఆవిరినీ బయటికి లాగేసేవి.

1952 డిసెంబరులో లండనును పొగమంచు కమ్మి వేలమంది చనిపోయారు. 1956లో పొగను అదుపుచేసే చట్టం చేశారు. బొగ్గు పొయ్యిలు క్రమంగా పోయాయి, చాలా ఇళ్ళలో గొట్టాలు మూసేశారు. 1973లో చమురు ధర మండిపోయాక వేడి పోకుండా కిటికీ సందులు కూడా బిగించుకున్నారు. పొగ పోయింది, మంచిదే. దానితో ఆవిరి పోయే దారీ పోయింది!

కానీ నింద మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ళమీద పడుతూ వచ్చింది. 2020 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణంలో ఒక రెండేళ్ళ పసివాడు చనిపోయాడు. అద్దె ఇంట్లోని బూజు మధ్య చాలాకాలం ఉండడంవల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. తండ్రి మొరపెట్టుకుంటే ముందు, మచ్చలమీద రంగు వేసుకోమన్నారట! 2023లో వచ్చిన చట్టంలో ఆ బిడ్డ పేరుతోనే ఒక భాగం చేర్చారు. సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళలో ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉంటే గడువులోగా బాగుచేయాలన్న నియమం 2025 అక్టోబరునుంచి ఇంగ్లండులో అమలులోకి వచ్చింది.

కనుక మన పిల్లలకు రెండు మాటలు చెప్పండి. బీరువాను వీలైతే లోపలి గోడ పక్కన పెట్టుకోమనండి. బయటి గోడ తప్పకపోతే కనీసం రెండంగుళాల ఎడం ఉంచమనండి. దాన్ని కుక్కి నింపవద్దు. అన్నం గిన్నెమీద మూత, స్నానమయ్యాక కాసేపు తెరిచిన కిటికీ, చలిరోజుల్లో గదికి కాస్త వెచ్చదనం - ఇవి మరవొద్దు.

ఇవన్నీ చేసినా గోడ తడుస్తూ ఉంటే తప్పు తమదేనని కుమిలిపోవద్దని కూడా చెప్పండి. ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేసి, బాగుచేయించమని గట్టిగా అడగాలి. బీరువా జరపడం మన పని. గోడ బాగుచేయడం ఇంటివాళ్ళ పని. ఏమంటారు?